స్వెట్టరుకు ఐదు మార్కులు

లాండ్రీ ఆయన ముక్కు గురించి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఉతకడానికి వచ్చిన మూటల్లోంచి చీటీ ఊడిపోయిన చొక్కా ఒకటి బయటపడిందంటే, ఇంకో దుకాణంలో అయితే అది ఎవరిదో తేలేసరికి పెద్ద పంచాయితీ అవుతుంది. ఈయన కాలరు దగ్గర ఒక్కసారి వాసన చూసి, ఇది మందుల షాపాయనది, ఇది లెక్కల మాస్టారిది అని చెప్పేసి తన పనిలో పడిపోతాడు. ఇంతవరకూ తప్పింది లేదు. ఒకావిడ తన భర్త కోటు పట్టుకొచ్చి, దీనికి అంటిన సెంటు ఎవరిదో కాస్త చూసి చెప్పమని గొంతు తగ్గించి అడిగితే మాత్రం, ఉతకడం వరకే మా పనమ్మా అని మర్యాదగా చెప్పి పంపించాడు. అంత బుద్ధున్న మనిషే. అలాంటి మనిషి కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి ఏం చేశాడో చెబుతాను, వినండి.

కూతురికి పన్నెండేళ్ళు. బడి రిజిస్టరులో దానికి చక్కని పేరే ఉంది గానీ ఇంట్లో అందరికీ అది పేచీ. ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మ. మూడేళ్ళప్పుడు పాలు తెల్లగా ఎందుకున్నాయో చెబితే గానీ తాగనని గ్లాసు ముందు కూర్చుందట, అప్పటినుంచీ అదే పేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది, అంతటితో ఆగక, నాలుగో కాలు ఉందన్నవాళ్ళని రుజువు చూపించమంటుంది. ఆ పేచీలన్నీ భరించి, నవ్వి, జవాబులు వెతికిపెట్టిన మనిషి పోయి ఏడాదిన్నరైంది. ఆస్పత్రిలో పదకొండు రోజులుంది, పన్నెండో రోజు లేదు.

ఆమె పోయిన మూడో రోజు పలకరింపులకు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. చేతులు ఖాళీగా ఉండేసరికి ఈయనకు ఊపిరాడలేదు. పొద్దున్నే లేచి కిటికీ తెరలు ఊడదీశాడు. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, బల్ల మీద గుడ్డలు, కంటికి కనిపించినవన్నీ మూటలు కట్టి మెట్లు దిగి కింద దుకాణంలోకి మోశాడు. దుకాణం ముందుభాగంలో బట్టలకు మరమ్మతులు చేసే చెల్లెలు చూసి కూడా ఆపలేదు. ఏడ్చేవాణ్ణి ఏడవనివ్వాలి, పని చేసుకునేవాణ్ణి చేసుకోనివ్వాలి అనుకుంది. ఆ మూటల్లోనే తలుపు వెనక కొక్కేనికి వేలాడే బూడిదరంగు ఉన్ని స్వెట్టరు కూడా పోయింది. చలికాలం పొద్దుటిపూట దుకాణం తెరిచేటప్పుడు ఆయన భార్య వేసుకునేది.

ఉన్నిబట్ట తగిలితే ఇరవై ఆరేళ్ళుగా ఆ చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. చల్లటి నీళ్ళు, ఉన్ని సబ్బు, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కడం. ఆరెయ్యడానికి తువ్వాలు విప్పినప్పుడు గానీ అదేమిటో ఆయన చూసుకోలేదు. చూసుకుని, ఆ తడి స్వెట్టరును ముఖానికి అదుముకున్నాడు. పదిహేనేళ్ళు పక్కన పడుకున్న మనిషి వాసన, వెయ్యి బట్టల్లోంచి వేరుచేసి చూపించగలిగిన వాసన, అందులో పిసరంత లేదు. తన చేత్తో తానే, అదీ చాలా శుభ్రంగా, పోగొట్టుకున్నాడు. ఆ పూట దుకాణం వెనక గదిలో ఆయన ఏడ్చిన ఏడుపు చెల్లెలొక్కతే విన్నది.

ఆరాక ఆవిరి పట్టి మళ్ళీ అదే కొక్కేనికి తగిలించాడు. ఇంకో వారానికి పేచీ దాన్ని దింపి, ముఖం అందులో దాచుకుని, అమ్మ వాసనొస్తోంది, ఇది నేనుంచుకోనా అని అడిగింది. అప్పుడు చెప్పాల్సింది. ఆ స్థితిలో మీరైనా నేనైనా చెప్పేవాళ్ళమా అంటే, ఏమో. ఉంచుకో తల్లీ అన్నాడాయన. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే మరి. ఆ రోజునుంచీ స్వెట్టరు పేచీ దిండు కిందే ఉంటోంది.

ఈ ఏడు బళ్ళో సైన్సు ప్రదర్శన అని కాగితం వచ్చింది. మూడు వారాలు గడువు. క్లాసులో సగం మంది అగ్నిపర్వతాలన్నారు, మిగతా సగం నిమ్మకాయ బ్యాటరీలన్నారు. పేచీ ఇస్త్రీబల్ల పక్కకొచ్చి నిలబడి, వాసన ఏ డబ్బాలో పెడితే ఎక్కువ రోజులుంటుందో కనిపెడతానంది. ఆయనకు నవ్వొచ్చింది. బతుకంతా వాసనలు పోగొట్టి అన్నం తిన్నవాడి కడుపున వాసన నిలబెట్టే పిల్ల పుట్టిందా అన్నాడు. కుట్టుమిషను దగ్గర్నుంచి మేనత్త, మీ నాన్న నోటి దగ్గర కూడు తియ్యడానికే పుట్టావే అని అందుకుంది. అందరూ కాస్సేపు నవ్వుకున్నారు. చాలా రోజులైంది ఆ దుకాణంలో అలా నవ్వుకుని.

ఆ తర్వాత పేచీ నోటుపుస్తకం తెరిచి, వెనక పేజీలు చూపించింది. ఎడమవైపు తేదీలు, కుడివైపు అంకెలు. అమ్మ స్వెట్టరుకు రోజూ మార్కులు వేస్తోందట, పదికి ఎన్ని అని. నాలుగు నెలల కిందట తొమ్మిదితో మొదలైంది. తొమ్మిదులు కొన్నాళ్ళు నడిచి ఎనిమిదులయ్యాయి, ఏడులయ్యాయి, ఆరులయ్యాయి. నిన్నటి తేదీ పక్కన ఐదు ఉంది.

"తగ్గిపోతోంది నాన్నా. సున్నా అయ్యేలోపల ఏ డబ్బా మంచిదో తెలిసిపోవాలి. తెలిస్తే అందులో పెట్టేసి ఇంక తియ్యను."

ఇస్త్రీపెట్టె చేతిలో ఉన్న సంగతే మరిచిపోయాడాయన. ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. మేనత్త లేచొచ్చి పెట్టె పక్కకు తీసి, అన్న ముఖంలోకి ఒక చూపు చూసి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఆయన ఆ మచ్చపడ్డ చొక్కా మడిచి పక్కన పెట్టాడు. మంచి ఆలోచనే తల్లీ అని మాత్రం అనగలిగాడు.

ఇక చూడండి ఆ మనిషి ఉత్సాహం. తప్పు చేసినవాడికి సాయం చెయ్యాలన్న ఆత్రం ఎక్కువుంటుంది. గట్టి మూత ఉన్న గాజుసీసా, రేకుడబ్బా, ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె, కాగితం సంచి, అన్నీ ఆయనే తెచ్చిపెట్టాడు. ఒకే తానులోంచి ఐదు ముక్కలు కత్తిరించి, ఒక్కో ముక్క మీద రెండేసి చుక్కలు లవంగనూనె వేయించాడు. వాసన ఎలా పోతుందో తనకు తెలిసినంత ఎవరికీ తెలియదు కదా, అదంతా విప్పి చెప్పాడు. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, గాలి ఆడకూడదు. పేచీ అన్నీ రాసుకుని, "నీళ్ళు?" అని అడిగింది.

"నీళ్ళు తగిలితే ఇంకేముంది" అన్నాడాయన, వేరే వైపు చూస్తూ.

సైన్సు టీచరు చిన్న వయసావిడ, కానీ గట్టిది. పేచీ రాసుకెళ్ళిన కాగితం చూసి, ఐదూ బావున్నాయి గానీ ఏ నూనే వెయ్యని గుడ్డముక్క ఒకటి ఆరో డబ్బాలో పెట్టు అంది. ఎందుకో తర్వాత తెలుస్తుందని ఊరుకుంది. సరేనని ఆరోది కూడా పెట్టారు. వాసన చూసి మార్కులు వెయ్యడానికి ఐదుగురు కావాలి. పేచీ, నాన్న, మేనత్త, మందుల షాపాయన, రోజూ సబ్బుపొడి బస్తాలు దింపడానికొచ్చే వ్యాను డ్రైవరు. మేనత్తకు ఏడాదిలో పదినెలలు జలుబే, అయినా ఇంటి పరీక్షకు బయటివాళ్ళ ముక్కులు పనికొచ్చి నా ముక్కు పనికిరాదా అని పోట్లాడి చేరింది. మూడు రోజులకొకసారి సాయంత్రం అందరూ కౌంటరు దగ్గర చేరడం, డబ్బా మూత తీయడం, కళ్ళు మూసుకుని ఎగపీల్చడం, మార్కులు చెప్పడం. బట్టలివ్వడానికొచ్చినవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు.

మొదటి వారం చివర్లో పేచీ స్వెట్టరు కిందికి తీసుకొచ్చింది. అందరి ముక్కుల్లోకీ నీదే మంచిది కదా, దీనికి నువ్వెన్ని వేస్తావో చెప్పు అంది. ఏడాదిన్నరలో ఆయన ఆ స్వెట్టరును ముట్టుకోలేదు. పేచీ పరుపు మీద దుప్పటి మార్చేటప్పుడు కూడా దిండు పక్కకు జరిపేవాడు కాదు. ఇప్పుడు తీసుకోక తప్పలేదు. తీసుకుని, మెడ దగ్గర ముక్కు ఆనించాడు. లోపలెక్కడో ఒక మూల, చంక కుట్టులో, గుండీల పట్టీ కింద, ఏదైనా మిగిలి ఉందేమోనని వెతికాడు. తెలిసి తెలిసీ వెతికాడు పిచ్చివాడిలా. పేచీ తల వాసనుంది. దాని దిండు, పెన్సిలు చెక్కు, దాని కన్నీళ్ళు. స్వెట్టరు నిండా పేచీయే ఉంది, ఇంకెవరూ లేరు.

"ఐదు" అన్నాడు.

"నేనూ ఐదే వేశాను" అని పేచీ ముఖం వెలిగిపోయింది. తేదీ పక్కన గడి గీసి, నాన్న అని రాసి, ఐదు వేసుకుంది. ఆ ముక్కు అబద్ధమాడటం అదే మొదటిసారి. పేచీ పైకెళ్ళాక మేనత్త మిషను తొక్కడం ఆపి, ఇవాళైనా చెప్పెయ్యరాదా అన్నయ్యా అంది. అది గాలిలో మేడ కట్టుకుంటుంటే నువ్వు ఇటుకలందిస్తున్నావు అని కూడా అంది. ఆయన వినపడనట్టు ఆవిరి గొట్టం తిప్పుకున్నాడు.

రెండోవారం టీచరు మార్కుల పట్టిక చూసి ముసిముసిగా నవ్వింది. ఏమీ వెయ్యని ఆరో డబ్బాకు మేనత్త నాలుగు వేసింది, డ్రైవరు మూడు, పేచీ రెండు, మందుల షాపాయన ఒకటి. సున్నా వేసింది ఒక్క నాన్నే. పక్కన ఐదు డబ్బాల్లో వాసనుంటే ఆరోదాంట్లో కూడా ఉంటుందని మనసు ముందే అనేసుకుంటుంది, ముక్కు దాని వెనకే పోతుంది అని టీచరు చెప్పిందట. డబ్బాల మీద పేర్లు తీసేసి, ఏది ఏదో వాసన చూసేవాళ్ళకి తెలియకుండా మళ్ళీ చెయ్యమంది. కొలిచేవాళ్ళకి జవాబు ముందే తెలియకూడదంది. సంగతి విని మేనత్త చాలా అవమానపడింది, లేని వాసనకి నాలుగు మార్కులు వేశానా నేను, జలుబుతో అంత బాగా ఎలా వచ్చిందబ్బా అని రెండు రోజులు అదే మాట.

కాగితాలు చుట్టి, కలిపేసి మళ్ళీ చేస్తే ఆరోదానికి అందరూ సున్నాయే వేశారు. పేచీ చాలాసేపు ఆ పట్టికను చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత వెనక పేజీలు తిప్పింది. స్వెట్టరు మార్కులన్నీ స్వెట్టరని తెలిసి వేసినవే కదా. తను వేసినా, నాన్న వేసినా. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూనే తన నిర్ణయం చెప్పింది. మేనత్త బొత్తాలు పోసుకునే వెడల్పు మూతి గాజుసీసాలు మూడు కావాలి. ఒకదాంట్లో అమ్మ స్వెట్టరు, మిగతా రెండింట్లో ఎవరూ తీసుకెళ్ళకుండా అరలో పడున్న ఉతికిన ఉన్ని స్వెట్టర్లు. ప్రదర్శన రోజు అందరి ముందూ నాన్నకి కళ్ళకు గంతలు కట్టి, ఏది అమ్మదో చెప్పమంటుంది. చెబితే వాసన నిజంగానే ఉన్నట్టు లెక్క.

"చెప్పలేకపోతే?" అంది మేనత్త.

"చెబుతాడు. నాన్న ఎప్పుడైనా తప్పాడా?"

ఆ రోజంతా ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. సాయంత్రానికి మాత్రం మనసు కుదుటపడింది. ఎందుకో చెబితే మీకు కోపం వస్తుంది, నాకూ వచ్చింది. ఆ పరీక్షలో తను తప్పడని ఆయనకు తట్టింది. మూడింట్లో రెండు వట్టి ఉన్ని సబ్బు వాసన. మూడోదాంట్లో పేచీ వాసన. పసిగట్టడానికి ఒక్క క్షణం చాలు. ఇదీ అని వేలు పెట్టి చూపిస్తాడు, అది నిజంగా ఆ స్వెట్టరే అవుతుంది, పిల్ల సంతోషంగా మూత బిగించి దాచుకుంటుంది, ఇంకెప్పుడూ తీసి వాసన చూడదు గనక ఎప్పటికీ తగ్గదు. అందులో అబద్ధమెక్కడుంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చెల్లెలికి చెబితే ఆమె దారం పంటితో తెంపి, నీ తెలివి తెల్లారినట్టే ఉంది అంది.

ప్రదర్శన నాడు బడి హాలంతా బల్లలు. ఒక మూల అగ్నిపర్వతం ముందే పొంగిపోయి ఎవరి తల్లో గుడ్డ పెట్టి తుడుస్తోంది. ఆయన ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల పక్కన నిలబడ్డాడు. పేచీ యూనిఫాం మడతలు కత్తుల్లా ఉన్నాయి. మార్కులు వెయ్యడానికొచ్చిన పెద్దాయన సబ్బుల ఫ్యాక్టరీలో వాసనలు సరిచూసే పని చేసి రిటైరైనవాడట. మిగతా బల్లల దగ్గర రెండేసి నిమిషాలు ఆగినవాడు ఇక్కడికొచ్చి కుర్చీ అడిగి కూర్చున్నాడు.

పేచీ తడుముకోకుండా చెప్పింది. పద్దెనిమిది రోజులకు గాజుసీసాలో ఏడు మార్కులు మిగిలాయి, రేకుడబ్బాలో ఐదు, కాగితం సంచిలో ఏమీ లేదు. మొదట తప్పెలా జరిగిందో, పేర్లు దాచాక ఎలా సరైందో అది కూడా దాచకుండా చెప్పింది. పెద్దాయన తలాడించాడు. ఆ తర్వాత పేచీ కాగితం చుట్టిన మూడు సీసాలు ముందుకు జరిపి, ఇందులో ఒకదాంట్లో మా అమ్మ స్వెట్టరుంది, మా అమ్మ చనిపోయి ఏడాదిన్నరైంది అంది. మా నాన్న వాసన చూసి చెబుతాడు, ఏది ఏదో నాకు కూడా తెలియకుండా మీరే కలపండి అని పెద్దాయనకు అప్పగించి వెనక్కి తిరిగి నిలబడింది.

నల్లటి అస్తరు గుడ్డతో మేనత్త గంతలు కట్టింది. కట్టేటప్పుడు ముడి కాస్త గట్టిగానే బిగించింది. చేతులు వెనక్కి పెట్టుకోమన్నారు. మొదటి సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టారు. ఉన్ని, ఉన్ని సబ్బు. రెండోది పెట్టారు. మూత ఇంకా పూర్తిగా తియ్యకముందే పేచీ వాసన వచ్చింది. మూడోది చూడక్కర్లేదు, అయినా మర్యాదకు చూశాడు.

"రెండోది" అన్నాడు.

పెద్దాయన సీసా తిరగేసి అడుగున రాసింది చూసి, అవును రెండోదే అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన గంతలు లాగేసి కూతురి వైపు చూశాడు. అది నవ్వలేదు, గెంతలేదు. పెదవి కొరుక్కుంటూ, వాళ్ళమ్మ ఆస్పత్రిలో కళ్ళు తెరిచి చూసిన ఆఖరి పూట ఎలా నిలబడిందో అలా నిలబడింది. ఎలా గుర్తుపట్టారండీ అని పెద్దాయన అడిగితే, అలవాటండీ అని ఈయన తల దించుకున్నాడు.

పేచీ నోటుపుస్తకం తెరిచింది. ఇన్నాళ్ళూ పెన్సిలుతో రాసిన పిల్ల ఇప్పుడు పెన్ను తీసింది. ఫలితం అని ఉన్నచోట, ఉంది, అని రాసింది. ఆ తర్వాత స్వెట్టరు సీసాలోంచి తీసి, ఎవరూ చూడటం లేదన్నట్టు ముఖానికి ఒకసారి ఆనించుకుంది. ఎంతసేపో. మళ్ళీ మడత పెట్టి సీసాలో దించి మూత తిప్పడం మొదలుపెట్టింది. మూత చుట్టూ పొయ్యడానికి కొవ్వొత్తి కూడా తెచ్చుకుంది. మైనం పోసేస్తే గాలి కూడా చొరబడదు, ఇంక ఎప్పుడూ తియ్యను అని పెద్దాయనకు చెబుతోంది.

ఆయన తిరుగుతున్న ఆ మూత వైపు చూశాడు. ఇవాళ్టినుంచి పిల్ల ఉత్తి దిండు మీద పడుకుంటుంది. లోపల లేనిదాన్ని కాపాడటానికి ఇన్నాళ్ళూ పట్టుకుని పడుకున్నదాన్ని వదులుకుంటోంది. పెద్దదై, ఏ ముప్పై ఏళ్ళకో, మనసు ఆగని రోజున మైనం గీకి మూత తీస్తుంది. అప్పటికి నిజం చెప్పడానికి తనుండడు.

"ఆగు తల్లీ" అన్నాడు.

పేచీ ఆగింది.

"నేను రెండోదన్నది అమ్మ వాసన పట్టి కాదు. అందులో ఉన్నది నీ వాసన. రోజూ దిండు కింద పెట్టుకుంటావు కదా."

"అమ్మది?"

"లేదమ్మా. అమ్మ పోయిన మూడో రోజునే నేను ఉతికేశాను. చూసుకోలేదు. చేతిలోకొచ్చింది, ఉతికేశాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నెమ్మదిగా వేరే బల్లల వైపు జరిగారు. మేనత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది, ఈసారి జలుబు వల్ల కాదు. పేచీ చెయ్యి మూత మీదే ఉంది.

"నువ్వు ఐదు వేశావు నాన్నా."

"వేశాను."

"నేను అడిగితే ఐదన్నావు. పుస్తకంలో రాశాను."

ఎందుకు ఉతికావని అడగలేదు ఆ పిల్ల. ఎందుకు తప్పు మార్కు వేశావనే దాని బాధంతా. నీ ముఖం చూసి వేశాను అని చెబితే అది నిజమే, కానీ పరీక్షలో చెల్లదని ఆయనకు కూడా తెలుసు. పేచీ పెన్ను తీసి, ఉంది, అన్న మాట మీద అడ్డంగా గీత గీసి, కింద, లేదు, అని రాసింది. నాలుగు నెలల మార్కులున్న వెనక పేజీలు పట్టుకుని చింపబోయింది.

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా. అవీ ఫలితమే" అన్నాడు.

పెద్దాయన తన కాగితంలో ఏదో రాసుకుని, కుర్చీ తీసుకెళ్ళి వెనక్కి పెట్టి, నిమ్మకాయ బ్యాటరీల వైపు వెళ్ళాడు. బహుమతి ఎవరికొచ్చిందో వీళ్ళు ఉండి వినలేదు.

ఇంటికి నడిచేటప్పుడు మేనత్త ముందు, డబ్బాల సంచితో ఆయన మధ్యలో, స్వెట్టరున్న సీసా రెండు చేతులతో పట్టుకుని పేచీ వెనక. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదుంది. దుకాణం ముందుకొచ్చాక మేనత్త తాళం తీసుకుని లోపలికి పోయింది, కావాలనే. పేచీ పైకెళ్ళే మెట్ల మీద కూర్చుంది. ఆయన రెండు మెట్లు కింద నిలబడ్డాడు. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, ఏదైనా సరే పడటానికి సిద్ధంగా ఉన్నాడు. అది తిట్టలేదు. ఒక సంగతి అడిగింది, ఆయన దానికి సిద్ధంగా లేడు.

"మరి నేనిన్నాళ్ళూ అమ్మ వాసన అనుకున్నది ఏంటి? సబ్బా?"

ఆయన ఒక మెట్టు పైకెక్కాడు.

"నాకిప్పుడు అసలుది గుర్తురావట్లేదు నాన్నా. నీకు గుర్తుంటుంది కదా. ఎలా ఉండేదో చెప్పు. సరిగ్గా చెప్పు. నేను రాసుకుంటాను."

ఆయన వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేనూ, తెలిసిందే కదా అనుకుని మొదలుపెట్టాడు. తడిగా ఉన్న నూలుబట్ట మీద వేడి పెట్టె పెట్టిన వెంటనే ఒక ఆవిరి లేస్తుంది చూడు, అలా ఉండేది అన్నాడు. అని, కాదు, అది దుకాణం వాసన అన్నాడు. మెడ దగ్గర కొంచెం పాలవాసన అన్నాడు. అదీ కాదు, అది నువ్వు చంటిపిల్లవైనప్పుడు. వానలో తడిసొచ్చి తలుపు తీసినప్పుడు ఒక రకంగా ఉండేది, పడుకుని లేచినప్పుడు ఇంకో రకంగా. రెండింట్లోనూ ఒకటే ఉండేది, దాని పేరేమిటో తెలియదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముక్కుపుటాలు అదిరాయి. వీధిలో గాలి, ఎవరింట్లోదో తాలింపు, కూతురి జేబులోని కొవ్వొత్తి మైనం. పక్కన పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని పేచీ ఎదురుచూస్తోంది.

"చెప్పలేకపోతున్నానే" అన్నాడు చివరికి. "పోలేదు, ఇక్కడే ఉంది. కానీ మాటల్లోకి రావట్లేదు. ఒక్కసారి ఎదురైతే చాలు, ఎంతమందిలో ఉన్నా, గంతలు కట్టినా పట్టేస్తాను."

పేచీ పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసేసింది.

"ఇంక రాదు కదా నాన్నా."

ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఇద్దరూ ఆ మాట చుట్టూనే తిరిగారు, ఏ రోజూ పైకి అనలేదు.

"రాదమ్మా" అన్నాడాయన. దాన్ని దగ్గరికి లాక్కుని, నెత్తి మీద ముక్కు ఆనించి, అలాగే కూర్చున్నాడు.